గొంగళికి తలంటు

డిసెంబర్ మొదటి ఆదివారం. హైదరాబాద్ రూమ్‌లో ముసుగు తన్ని పడుకున్నా. వేదాద్రి నుంచి నాయనమ్మ ఫోన్.

"ఒరేయ్, మీ తాత గొంగళికి పురుగు పట్టిందిరా."

ఇంకేం అనలేదు. ఫోన్ పెట్టేసింది.

తాతయ్య పోయి ఏడాదిన్నర అయింది. ఆయన బట్టలు ఎవరెవరికో ఇచ్చేశాం గానీ గొంగళి మాత్రం నాయనమ్మ ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మడతపెట్టి ట్రంకు పెట్టెలో దాచింది. "కనీసం ఒకసారి ఉతుకుదాం అత్తయ్యా" అని మా అమ్మ అంటే, "ఉతికితే ఆయన వాసన పోతుంది" అంది. ఆ మాటకి ఇంట్లో ఎవరి దగ్గరా జవాబు లేదు. అప్పట్నుంచి, ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

ఇప్పుడు దాన్ని బాగుచేయమని నన్ను పిలుస్తోంది. నాకేమో గుండెల్లో రాయి పడింది. ఎందుకంటే ఉన్ని ఉతకడంలో నా ట్రాక్ రికార్డ్ ఏమీ గొప్పగా లేదు.

పోయినేడు మనాలి ట్రిప్ కోసం మొదటి బోనస్‌తో మెరినో స్వెటర్ ఒకటి కొన్నా. తిరిగొచ్చాక జీన్స్‌తో పాటు వాషింగ్ మెషీన్‌లో పడేసి, మామూలు పౌడర్ వేసి, వేడినీళ్ళ మోడ్ నొక్కా. గంట తర్వాత బయటికి తీస్తే, అది మా అక్క కూతురికి సరిపోయేలా ఉంది. దానికి ఆరేళ్ళు. పైగా మెత్తగా ఉండాల్సిన స్వెటర్ అట్టలా బిగుసుకుపోయింది. లాగి చూశా, ఇస్త్రీ చేసి చూశా. ససేమిరా.

ఆ వారం సెలవు పెట్టి చిల్లకల్లులో బస్సు దిగి ఆటో ఎక్కా. ఇంటికెళ్ళేసరికి వసారాలో నులక మంచం మీద గొంగళి పరిచి ఉంది. నల్లటి గొంగళి, అంచు దగ్గర నాలుగు చిన్న చిల్లులు. మడతల్లో బియ్యపు గింజంత తెల్ల పురుగులు.

గొంగళిని తినేది గొంగళి పురుగే

ఈ చిల్లులు పెట్టేది బీరువాలో ఎగిరే చిన్న రెక్కల పురుగు కాదు. అది గుడ్లు మాత్రమే పెడుతుంది. గుడ్లలోంచి వచ్చే పిల్ల పురుగులు ఉన్నిని తింటాయి. అంటే గొంగళిని తినేది అక్షరాలా ఒక గొంగళి పురుగే. వాటికి చెమట, జిడ్డు, అన్నం మరకలు ఉన్న చోటంటే మరీ ఇష్టం. చీకటి, కదలిక లేకపోవడం కూడా కావాలి. ఏడాదిన్నర ఉతక్కుండా, తెరవకుండా ట్రంకు పెట్టెలో ఉంచితే వాటికి అంతకంటే ఏం కావాలి?

నాయనమ్మకి ఉన్నదున్నట్టు చెప్పా. "ఉతికితే వాసన పోతుంది. ఉతక్కపోతే గొంగళే పోతుంది. నువ్వే చెప్పు నాయనమ్మా."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది. "చిన్నప్పుడు నీకు తలంటు పోసిందెవరు?"

"నువ్వే."

"ఎప్పుడైనా నీ తల బండకేసి బాదానా?"

"లేదు."

"మరి ఇదీ జుట్టేగా."

ఈ వారం కాలమ్‌లో నేను చెప్పాల్సింది మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. ఉన్నిని బట్ట అనుకోకండి, జుట్టు అనుకోండి. ఇక తప్పు చేయడం కష్టం.

లోపల జరిగేది ఇదీ

మన జుట్టు, గోళ్ళు, గొర్రె ఉన్ని అన్నీ కెరాటిన్ అనే ప్రొటీనే. ఉన్ని పోగుని మైక్రోస్కోప్‌లో చూస్తే పైన పెంకుటింటి కప్పులా పెంకులు కనిపిస్తాయి, ఒకదాని మీద ఒకటి వరసగా. మీ తలలో పొడవాటి వెంట్రుక ఒకటి తీసి రెండు వేళ్ళ మధ్య లాగి చూడండి. ఒకవైపు నున్నగా జారుతుంది, రెండో వైపు కాస్త గరుగ్గా పట్టుకుంటుంది. ఆ గరుకు ఈ పెంకులదే.

చిన్నప్పుడు గడ్డి వెన్నుని చొక్కా చేతిలో పెట్టుకుని ఆడారా? చెయ్యి ఊపుతుంటే అది పైకే ఎక్కుతుంది, వెనక్కి రాదు. వేడినీళ్ళలో సబ్బు వేసి రుద్దినప్పుడు ఉన్ని పోగులు చేసేదీ అదే. ఒకే దిక్కుకి జరుగుతూ ఒకదాన్లో ఒకటి ఇరుక్కుంటాయి. వెనక్కి రావు. నా స్వెటర్ కథ ఇదే. కశ్మీర్‌లో నమ్దా అనే రగ్గులు ఇలాగే చేస్తారు, కానీ కావాలని. ఉన్నిని తడిపి, సబ్బు పట్టించి, చాపలా చుట్టి తొక్కుతారు. వాళ్ళు వారసత్వంగా నేర్చుకున్న విద్యని నేను వాషింగ్ మెషీన్‌లో పొరపాటున చేశానన్నమాట.

మరి తాతయ్య గొంగళి అన్ని వానల్లో తడిసినా ముడుచుకుపోలేదేం? వాన నీళ్ళు చల్లగా ఉంటాయి. అందులో సబ్బు లేదు, రుద్దుడు లేదు. తడవడం వల్ల ఉన్ని పాడవదు. వేడి, సబ్బు, రుద్దుడు కలిస్తేనే గొడవ.

ముందు అది ఉన్నేనా?

గొంగళి విషయంలో ఆ అనుమానం అక్కర్లేదు. మా వైపు మందల్లో కనిపించే నెల్లూరు జాతి గొర్రెకి ఉన్ని ఉండదు, పొట్టి వెంట్రుకే. గొంగళికి వాడేది దక్కని గొర్రె ఉన్ని. దాన్ని కత్తిరించి, ఏకి, వడికి, పడుగుకి చింతగింజల గంజి పట్టించి కురుమలు నేస్తారు. తాతయ్య దీన్ని సూర్యాపేట వైపు వెళ్ళినప్పుడు కొన్నాడట.

మీ బీరువాలోవి మాత్రం చూసుకోవాలి. చలికాలంలో విజయవాడ, హైదరాబాద్ ఫుట్‌పాత్‌ల మీద మనం కొనే స్వెటర్లలో చాలావరకు యాక్రిలిక్. అంటే ప్లాస్టిక్ దారం. అది తప్పేం కాదు, దానికి ఇంత హడావుడి అక్కర్లేదు, అంతే. లేబుల్ చూడండి. లేకపోతే లోపలి కుట్టు దగ్గర ఒక్క పోగు తీసి, కింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని, పట్టకారుతో పట్టుకుని అంటించండి. ఉన్ని అయితే మెల్లగా కాలి, జుట్టు కాలిన వాసన వచ్చి, మంట తీయగానే ఆరిపోతుంది. బూడిద వేళ్ళతో నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ అయితే భగ్గుమని కరిగి, చివర గట్టి నల్లపూసలా మిగులుతుంది.

లేబుల్ మీద నీళ్ళ తొట్టిలో చెయ్యి బొమ్మ ఉంటే చేత్తో ఉతకొచ్చు. తొట్టి మీద ఇంటూ మార్క్ ఉంటే ఇంట్లో ఉతకొద్దు, డ్రై క్లీనింగ్‌కి ఇవ్వండి. 'మెషీన్ వాషబుల్' అని ఉంటే, ఆ పెంకుల్ని ముందే ట్రీట్ చేసి ఉంటారు. అలాంటివాటికే మెషీన్‌లో వూల్ మోడ్ వాడండి.

మేం ఉతికిన పద్ధతి

ముందురోజు గొంగళిని బాగా దులిపి, మెత్తటి బ్రష్‌తో మడతలన్నీ గీకి, గంటసేపు ఎండలో వేశాం. పొడిగా ఉన్నప్పుడు కాస్త ఎండ మంచిదే, వెలుతురు చూస్తే పురుగులు నిలవవు. ట్రంకు పెట్టె కూడా ఖాళీ చేసి మూలమూలలా తుడిచాం. స్వెటర్ లాంటి చిన్నదైతే కవర్‌లో గట్టిగా చుట్టి డీప్ ఫ్రీజర్‌లో వారం పైనే ఉంచితే పురుగులు చస్తాయి. గొంగళి పట్టే ఫ్రిజ్ మా ఇంట్లో లేదు.

రాత్రి నాయనమ్మ కుంకుడుకాయలు కొట్టి నానబెట్టింది. పొద్దున్నే పిసికి, రెండుసార్లు వడకట్టింది. పిప్పి ఉన్నిలో ఇరుక్కుంటే తీయలేం కాబట్టి రెండోసారి పాత పంచెతో. కుంకుడు రసం ఎందుకంటే, బట్టల సబ్బు, పౌడర్లలో క్షారం ఎక్కువ. అది పెంకుల్ని లేపుతుంది. మరకలు తినే ఎంజైమ్‌లు ఉన్న పౌడర్ అయితే ఇంకా ప్రమాదం. వాటిలో కొన్ని ప్రొటీన్‌ని కోసే రకం, ఉన్ని ప్రొటీనే కదా. బ్లీచ్ అయితే అసలు దగ్గరికే రానివ్వొద్దు, ఉన్ని కరిగిపోతుంది. కుంకుడు దొరక్కపోతే ఉన్ని కోసం అమ్మే లిక్విడ్ గానీ, బేబీ షాంపూ గానీ వాడండి. తెల్ల స్వెటర్లకి మాత్రం కుంకుడు వద్దు, పసుపు ఛాయ వస్తుంది.

నీళ్ళ దగ్గర ఇంకో సంగతి. జగ్గయ్యపేట చుట్టుపక్కలంతా సున్నపురాయి నేల. ఇన్ని సిమెంట్ ఫ్యాక్టరీలు ఊరికే రాలేదు. మా బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. ఇలాంటి నీళ్ళలో మామూలు సబ్బు విరిగి, తెల్లటి మడ్డిలా ఉన్నికి పట్టుకుంటుంది. అందుకే నీళ్ళు మరగబెట్టి, చల్లార్చి, పైన తేటని వంచుకున్నాం. కృష్ణ నాలుగడుగుల్లోనే ఉంది, అక్కడికే తీసుకెళ్దామా అన్నా. "స్నానాలు చేసే రేవులో మన మురికి ఎందుకురా" అంది నాయనమ్మ.

వేడి ఎంత ఉండాలి? 30 డిగ్రీలు దాటకూడదు. థర్మామీటర్ అక్కర్లేదు. మోచెయ్యి ముంచితే వెచ్చగా అనిపించకూడదు, జిల్లుమనకూడదు. పసిపిల్లల స్నానానికి కాచే నీళ్ళకంటే కాస్త చల్లగా. జాడించే నీళ్ళూ అదే వేడిలో ఉండాలి. ఒకసారి గోరువెచ్చన, ఇంకోసారి ఐసు నీళ్ళు అంటే ఉన్నికి పడదు.

పెద్ద టబ్‌లో ముందు నీళ్ళు, అందులో కుంకుడు రసం కలిపి, ఆ తర్వాత గొంగళి. అరచేతులతో నొక్కడం, వదలడం. అంతే. రుద్దలేదు, పిండలేదు, బాదలేదు. పది నిమిషాల్లో నీళ్ళు టీ డికాషన్‌లా అయ్యాయి. మూడుసార్లు నీళ్ళు మార్చాం. లిక్విడ్ వాడితే చివరి నీళ్ళలో ఒక చెంచా వెనిగర్ కలపండి, మిగిలిన క్షారం విరిగిపోతుంది.

తీసేటప్పుడు అసలు పరీక్ష. గాలిలోని తేమనే తన బరువులో మూడో వంతు దాకా, తడి తెలియకుండా పీల్చుకోగలదు ఉన్ని. ఇక నీళ్ళలో మునిగితే చెప్పాలా? ఒక మూల పట్టుకుని లాగితే ఆ బరువుకే సాగిపోతుంది. పసిబిడ్డని ఎత్తినట్టు కింద రెండు చేతులూ పెట్టి ఇద్దరం ఎత్తాం. పాత దుప్పట్ల మధ్య పరిచి, చాపలా చుట్టి, మెల్లగా కాళ్ళతో అదిమాం. నీళ్ళు దుప్పట్లు పీల్చుకున్నాయి.

ఆరబెట్టడానికి నులక మంచాన్ని మించింది లేదు. పైనా కిందా గాలి ఆడుతుంది, బట్ట సాగదు. వసారా నీడలో రెండు రోజులు, మధ్యలో తిరగేస్తూ. దండెం మీద వేస్తే సాగుతుంది, తడిగా ఎండలో వేస్తే బిరుసెక్కి రంగు దిగుతుంది. హాస్టల్‌లో మంచం లేదంటారా? రెండు కుర్చీల మీద బట్టలారేసే స్టాండ్ అడ్డంగా పెట్టి పైన తువ్వాలు పరవండి, చాలు.

స్క్రీన్‌షాట్ తీసుకోండి

1. ప్రతిసారీ ఉతకొద్దు. వేసుకున్నాక దులిపి నీడలో గాలికి ఆరేస్తే చాలు.
2. రంగు దిగుతుందేమో తడి తెల్లగుడ్డతో ఒక మూల అద్ది చూడండి.
3. తిరగేసి, 30 డిగ్రీల లోపు నీళ్ళలో, పది నిమిషాలు. నొక్కడమే, రుద్దొద్దు.
4. పిండొద్దు. తువ్వాల్లో చుట్టి అదమండి.
5. నీడలో, పరిచి ఆరబెట్టండి.
6. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయాక, ఉతికి, పూర్తిగా ఆరాకే దాచండి. నాఫ్తలీన్ ఉండలో, ఎండిన వేపాకో వేయొచ్చు గానీ, మురికిగా దాస్తే ఏదీ కాపాడలేదు.
7. కాస్త ముడుచుకుంటే హెయిర్ కండిషనర్ కలిపిన నీళ్ళలో అరగంట నానబెట్టి, మెల్లగా సాగదీసి ఆరేయండి. కొంత తేరుకోవచ్చు. నా స్వెటర్‌లా అట్ట అయిపోతే మాత్రం ఆశ వదులుకోండి.

చివరిగా ఒక సంగతి. గొంగళిని టబ్‌లో ముంచే ముందు నాయనమ్మ లోపలికెళ్ళి తాతయ్య తువ్వాలు తెచ్చి చూపించింది. "ఇది ఉతకను. ఎవరన్నా ఉతికారో చూడండి" అని మళ్ళీ లోపల పెట్టేసింది. సరే అన్నా.

తర్వాత గొంగళి తడిసింది. తడి ఉన్ని వాసన మీకు తెలుసుగా, గొర్రెల దొడ్డి వాసన. అది వసారా అంతా కమ్మేసింది. నేను ముక్కు మూసుకోబోతుంటే, నాయనమ్మ ఒంగి గట్టిగా పీల్చింది.

"వానలో తడిసి మీ తాత ఇంటికొస్తే ఇదేరా వాసన. ఇన్నాళ్ళూ పెట్టెలో ఉన్నది ఇది కాదు, బూజు వాసన."

ఇప్పుడు గొంగళి పెట్టెలో లేదు. నాలుగు చిల్లులకీ నల్లదారంతో రఫ్ చేసి, మంచం మీద పరుచుకుని పడుకుంటోంది. మీ బీరువా అడుగున కూడా ఎవరిదో ఒకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం ఒకసారి బయటికి తీసి చూడండి.