విమాన భాగాలు మన పక్కనే తయారవుతున్నాయి, మన పిల్లలు ఎక్కడ?

మొన్న ఇబ్రహీంపట్నం బస్టాండులో తెలిసిన రైతు ఒకాయన ఎదురుపడ్డాడు. "సారూ, మా పిలగాడు ఇంటర్ పాసైండు. ఇమానాల చదువు చదువుతనంటున్నడు. కాలేజీల లక్షలడుగుతున్నరు. అర్ధెకరం అమ్ముదామా?" అన్నాడు. చేతిలో రంగుల కరపత్రం ఉంది. దాని మీద ఎగిరే విమానం, టై కట్టుకున్న కుర్రవాడు. ఆయనకు చెప్పిన జవాబు జిల్లాలోని తల్లిదండ్రులందరికీ పనికివస్తుందని ఇది రాస్తున్నాను.

భూమి అమ్మవద్దన్నాను. విమానాల పని మాత్రం వద్దనలేదు. ఎందుకంటే ఆ పని మన గుమ్మం ముందే ఉంది. మన మండలంలోని ఆదిభట్లలో సీ-130జే రవాణా విమానాల తోక భాగాలు తయారై అమెరికాకు వెళ్తున్నాయి. 2018 మార్చిలో మొదలైన టాటా-బోయింగ్ కర్మాగారంలో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతున్నాయి. 2021 జూలై నాటికే అవి వందకు చేరాయి. రఫేల్ యుద్ధ విమానాల బాడీ భాగాలను హైదరాబాద్‌లో చేయడానికి 2025 జూన్‌లో ఒప్పందం కుదిరింది. శంషాబాద్‌లో విమాన ఇంజన్లు బాగుచేసే సఫ్రాన్ కేంద్రం 2025 నవంబరులో ప్రారంభమైంది. కంచన్‌బాగ్‌లోని బీడీఎల్ 1970 నాటిది, మిధాని 1973 నాటిది.

ఈ పరిశ్రమల కోసం భూములు వదులుకున్న పల్లెల పిల్లలు గేటు కాపలాకు, క్యాంటీన్ పనికి పరిమితమైతే అది అన్యాయమే. అయితే తప్పంతా ఇతరుల మీద నెట్టేస్తే లాభం లేదు. లోపల జరిగే పని ఏమిటో, దానికి ఏ చదువు కావాలో మనం తెలుసుకోలేదు. విమానాల కొలువంటే పైలట్, లేదంటే ఇంజనీరు అనుకుంటున్నాం. నిజానికి కర్మాగారంలో ఇంజనీర్ల కంటే ఫిట్టర్లు, మెషినిస్టులు, తనిఖీ చేసేవారే ఎక్కువ అవసరం.

విమానం బాడీ పలుచని అల్యూమినియం రేకులతో తయారవుతుంది. రేకులను చట్రానికి రివెట్లతో బిగిస్తారు. ఒక్క బాడీకే వేల రివెట్లు పడతాయి. డ్రాయింగ్ చూసి గుర్తు పెట్టాలి, నిటారుగా రంధ్రం వేయాలి, అంచు నున్నగా గీకాలి. తర్వాత ఒకరు రివెట్ కొడుతుంటే ఇంకొకరు వెనక నుంచి ఇనుప దిమ్మ ఆనించి పట్టుకోవాలి. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కొన్ని భాగాల్లో అంతకన్నా తక్కువ తేడా వచ్చినా పక్కన పడేస్తారు. దీనికి కండబలం కన్నా కుదురైన చెయ్యి, ఓపిక ముఖ్యం. అందుకే ఆడపిల్లలకూ ఇది తగిన పని.

ఈ పనిలో తప్పు జరిగితే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1978లో జపాన్‌కు చెందిన ఒక జంబో విమానం తోక నేలకు తగిలింది. వెనక గోడను బాగుచేసినప్పుడు రెండు వరుసల రివెట్లు మోయాల్సిన బరువు ఒక్క వరుస మీదే పడేలా అతుకు వేశారు. ఎగిరిన ప్రతిసారీ పగులు కొంచెం కొంచెం పెరిగింది. ఏడేళ్ల తర్వాత, 1985 ఆగస్టు 12న, ఆ గోడ పగిలి విమానం కొండల్లో కూలింది. 520 మంది చనిపోయారు.

కాబట్టి ఈ పరిశ్రమలో ప్రతి భాగానికీ నంబరుంటుంది. ఎవరు చేశారో, ఎవరు చూశారో సంతకం ఉంటుంది. సాయంత్రం పనిముట్లు లెక్క చూసి అప్పగించాలి. ఒక్క స్క్రూ డ్రైవర్ తగ్గినా అది దొరికేదాకా పని ఆపుతారు. రంధ్రం పక్కకు పోతే వెంటనే పైవారికి చెప్పాలి. చెప్పినవాడికి పని ఉంటుంది, దాచినవాడికి ఉండదు. మన పిల్లలకు లెక్కలతోపాటు ఈ అలవాటు కూడా నేర్పాలి. మార్కులు తగ్గితే కొడతామని భయపెట్టి, తప్పులు దాచడమే ఇంట్లో నేర్పుతున్నాం.

ఇక దారి. పదో తరగతి పాసైనవారు ఐటీఐలో ఫిట్టర్, మెషినిస్టు, టర్నర్ కోర్సుల్లో చేరవచ్చు. ఒక్కోటి రెండేళ్లు. ఆ తర్వాత ఏదైనా కర్మాగారంలో అప్రెంటిస్‌గా చేరితే నెలనెలా భృతి ఇస్తూ పని నేర్పుతారు. చదువు మీద ఆసక్తి ఉన్నవారు పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు. డిప్లొమా తర్వాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. ఈ దారిలో అర్ధెకరం అమ్మనక్కరలేదు.

ఏరోనాటికల్ బీటెక్ చెడ్డదని నేననను. లెక్కల్లో, భౌతికశాస్త్రంలో గట్టివాడికి అది మంచి చదువే. అయితే ఆ కొలువులు కొన్నే. వాటికి మెకానికల్ చదివినవారూ పోటీ పడతారు. విమానాల మరమ్మతు కోర్సు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. శిక్షణ సంస్థ ఇచ్చే కాగితం లైసెన్సు కాదు. డీజీసీఏ పరీక్షలు పాసై, నిర్ణీత అనుభవం చూపితేనే లైసెన్సు వస్తుంది. ఆ సంస్థకు డీజీసీఏ గుర్తింపు ఉన్నదో లేదో చూడకుండా ఒక్క రూపాయి కూడా కట్టవద్దు.

ప్రభుత్వానికీ, కంపెనీలకూ మన మనవి ఒకటుంది. 65 ప్రభుత్వ ఐటీఐలను ఆధునిక యంత్రాలతో మార్చే పనిని రాష్ట్ర ప్రభుత్వం 2024లో చేపట్టింది. సంతోషం. మన జిల్లా ఐటీఐల్లో రేకు పని, రివెట్ పని కూడా నేర్పాలి. అప్రెంటిస్ నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఆ ఖాళీల వివరాలు చుట్టుపక్కల పంచాయతీల నోటీసు బోర్డుల మీద కనిపించాలి. రాత్రి షిఫ్టు వదిలే వేళకు పల్లెలకు ఆర్టీసీ బస్సుండాలి. బస్సు లేకపోతే ఆడపిల్లను పనికి పంపడానికి ఏ తల్లీ ఒప్పుకోదు. ఏడాదికోసారైనా మన హైస్కూలు పిల్లలను కర్మాగారం లోపలికి తీసుకుపోయి చూపించాలి. చూడని పని మీద పిల్లవాడికి ఆశ పుట్టదు.

ఇదంతా విని రైతు కాసేపు మాట్లాడలేదు. "ఐటీఐ అంటే ఊళ్లె నవ్వుతరు సారూ. రేపు పిల్లనెవరిస్తరు?" అన్నాడు. ఆయన భయం అబద్ధం కాదు. డిగ్రీ ఉండి పని లేని కుర్రవాడికి ఇచ్చే గౌరవం, చేతి పని తెలిసినవాడికి మనం ఇవ్వడం లేదు. నాగలి చెక్కిన వడ్రంగినీ, కర్రు సాగదీసిన కమ్మరినీ నమ్ముకుని బతికిన ఊళ్లు మనవి. ఆ చేతుల విలువ మనం మరిచిపోతే కంపెనీలకు గుర్తుచేయడం కష్టం.

బస్సు వచ్చింది. ఆయన కరపత్రం మడిచి జేబులో పెట్టుకుని, "ఐటీఐ అప్లికేషన్ ఎప్పుడిస్తరు?" అని అడిగాడు. పదో తరగతి ఫలితాల తర్వాత ప్రకటన వస్తుంది. ఈసారి అది ప్రతి పంచాయతీలో చదివి వినిపించాలి.