పంచేటప్పుడు జట్టుది, లెక్కపెట్టేటప్పుడు మనిషిదా?

ఆరు ఇన్నింగ్స్‌ల్లో 308 పరుగులు చేసిన అమ్మాయికి పతకం లేదన్నారు. మన మహిళల క్రికెట్ జట్టు తొలిసారి ప్రపంచకప్ గెలిచిన 2025 నవంబరు 2 రాత్రి ప్రతీక రావల్ నవీ ముంబయి మైదానంలోకి చక్రాల కుర్చీలో వచ్చింది. అంతకు పది రోజుల ముందు, గెలిచి తీరాల్సిన మ్యాచ్‌లో న్యూజిలాండ్ మీద ఇదే మైదానంలో 122 కొట్టింది ఆమే. బంగ్లాదేశ్‌తో ఆడుతూ చీలమండ దెబ్బతినడంతో జాబితాలోంచి పేరు తీసి షెఫాలీ వర్మ పేరు చేర్చారు. ఆఖరి జాబితాలోని 15 మందికే పతకాలన్నది ఐసీసీ నిబంధన. తర్వాత ఛైర్మన్ జై షా చొరవతో ప్రతీకకూ పతకం అందింది. సంతోషం. కానీ బ్యాటుతో సంపాదించుకున్నది ఇంకొకరి చొరవ కోసం ఎదురుచూడాల్సి రావడమేమిటి?

ఆ నిబంధనను సమర్థించినవాళ్లు ఒక మాటన్నారు: పతకం జట్టుది, మనిషిది కాదు, కాబట్టి బాధపడాల్సిందేమీ లేదని. ఈ వివాదం మొత్తంలో మాకు మింగుడుపడనిది ఈ మాటే. ఎందుకంటే ఇది పతకాలు పంచే ఆ ఒక్క రాత్రికే పనికొచ్చే మాట. తెల్లారేసరికి అదే పతకం మనిషిదైపోతుంది. ఫలానా ఆటగాడు గొప్పవాడా కాదా అన్న చర్చ మొదలైతే చాలు, 'అంతా బాగానే ఉంది, ప్రపంచకప్ ఏదీ?' అని వేలు చూపిస్తారు. ఇచ్చేటప్పుడు జట్టు పేరు చెప్పి ఒకరిని పక్కన పెట్టడం, కొలిచేటప్పుడు అది లేదని ఆ ఒక్కరినే నిలదీయడం. ఈ రెండూ ఒకే నోటి నుంచి ఎలా వస్తాయి?

ఈ రెండు నాల్కల లెక్కకు తెలుగువాళ్లు బలైనంతగా ఇంకెవరూ బలి కాలేదేమో. 134 టెస్టుల్లో 8,781 పరుగులు, 17 శతకాలు చేసిన వీవీఎస్ లక్ష్మణ్ వన్డే ప్రపంచకప్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. ఆడలేకపోవడం వేరు, ఆడనివ్వకపోవడం వేరు. 2003లో దక్షిణాఫ్రికా విమానం ఎక్కాల్సినవాణ్ని కాదని సెలెక్టర్లు దినేశ్ మోంగియాను పంపారు. అంతకు రెండేళ్ల ముందు, 2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్‌లో ఫాలోఆన్ ఆడుతున్న జట్టును 281 పరుగులతో నిలబెట్టినవాడతను. ద్రావిడ్‌తో కలిసి 376 జోడించాడు. స్టీవ్ వా నడిపిన ఆస్ట్రేలియా జట్టు 171 పరుగుల తేడాతో ఓడింది. ఆ రోజు పొలం పనులు, అంగళ్లు వదిలేసి టీవీ ముందు కూర్చున్నవాళ్లు మన నాయుడుపేటలో ఇప్పటికీ ఉన్నారు. మణికట్టు తిప్పి షేన్ వార్న్ బంతిని మిడ్‌వికెట్‌కు తోసిన ఆ తీరును వాళ్లు చేత్తో చేసి చూపిస్తారు. వాళ్ల ముందు నిలబడి, ఈయనకు కప్పు లేదు కాబట్టి ఒక మెట్టు తక్కువే అని చెప్పగలరా? సెలెక్టర్లు గదిలో కూర్చుని తీసుకున్న నిర్ణయానికి లక్ష్మణ్ గొప్పతనంలో కోత పెట్టడం ఏ న్యాయం?

సరే, కప్పులే లెక్క అనుకుందాం. గుంటూరు కుర్రాడు అంబటి రాయుడుకు ఆరు ఐపీఎల్ ట్రోఫీలున్నాయి: ముంబయితో మూడు, చెన్నైతో మూడు. రోహిత్ శర్మకూ ఉన్నవి ఆరే. ఆ లెక్కన రాయుడు దేశంలో మొదటి వరసలో నిలవాలి. మరి వన్డేల్లో 47 సగటు ఉన్న ఆ రాయుడినే 2019 ప్రపంచకప్ జట్టులోకి ఎందుకు తీసుకోలేదు? అప్పుడు ట్రోఫీలు గుర్తుకు రాలేదు, బ్యాటింగ్, బౌలింగ్, ఫీల్డింగ్ మూడూ వచ్చిన 'మూడు కోణాల' ఆటగాడు కావాలన్నారు. అప్పటికే ఇంట్లో నాలుగు కప్పులున్న మనిషిని, ఇంకో కప్పు ఆడే అవకాశమే ఇవ్వకుండా, ప్రపంచకప్ లేనివాడి కింద జమకట్టారు. అవసరాన్ని బట్టి కొలత మార్చుకుంటున్నారన్న సంగతి ఇక్కడ బట్టబయలవుతోంది.

హైదరాబాద్ మైదానాల్లో ఆట నేర్చుకున్న మిథాలీ రాజ్ సంగతి చూస్తే ఇంకా కోపం వస్తుంది. 2005 ప్రపంచకప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద అజేయంగా 91 చేసి జట్టును మొదటిసారి ఫైనల్‌కు తీసుకెళ్లింది. 2017లో మళ్లీ ఫైనల్ దాకా నడిపించింది. లార్డ్స్‌లో 9 పరుగుల తేడాతో కప్పు చేజారింది. ఆ తొమ్మిది పరుగులు ఆమె ఒక్కతే బాకీ పడ్డట్టు, వన్డేల్లో చేసిన 7,805 పరుగుల పక్కన ఎనిమిదేళ్లు ఆ ఓటమినే రాస్తూ వచ్చారు. నవంబరు 2 రాత్రి కెప్టెన్ హర్మన్‌ప్రీత్ బృందం ఆ కప్పును తెచ్చి మిథాలీ చేతుల్లో, ఆమె పాత సహచరి ఝులన్ గోస్వామి చేతుల్లో పెట్టింది. మైదానంలో చెమటోడ్చినవాళ్లకు ఎవరి వాటా ఎంతో తెలుసు. నిబంధనలు రాసేవాళ్లకే తెలియడం లేదు.

కప్పు గెలవడానికే కదా ఎవరైనా ఆడేది, సొంత రికార్డు కోసం జట్టును ముంచినవాళ్లూ ఉన్నారు కదా అని అడగొచ్చు. నిజమే, కాదనం. వ్యక్తిగత అవార్డులే సర్వస్వమనీ అనం. కానీ కప్పు లేకున్నా ఆట విలువ కనిపిస్తుంది. 2025 ఆగస్టులో ఓవల్‌లో ఇంగ్లండ్‌ను ఆరు పరుగుల తేడాతో ఓడించిన ఉదయం మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ సిరాజ్. ఐదు టెస్టుల్లో 23 వికెట్లు తీశాడు, సిరీస్ మాత్రం 2-2 అయింది. ఆ పూట అతని బంతిని చూసినవాళ్లెవరూ గెలిచిన సిరీస్ ఏదని అడగలేదు.

పతకాల నిబంధన మార్చడానికి దారి లేక కాదు. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో కనీసం అయిదు మ్యాచ్‌లాడిన ప్రతి ఆటగాడికీ విజేత పతకం దక్కుతుంది. ఆఖరి రోజు కాలికి కట్టుతో ఆసుపత్రిలో పడుకున్నా సరే. ఐసీసీ కూడా అలాంటి పని చేయాలి. టోర్నీలో ఏ దశలో జట్టులో ఉన్నా పతకం ఇవ్వాలి, ఆ మాట నిబంధనల్లో రాయాలి. ఈ ప్రపంచకప్‌లో ఒక్క బంతి ఆడే అవకాశం రాకపోయినా జట్టులో ఉన్న అరుంధతీ రెడ్డికి పతకం వచ్చింది. అది ఆమెకు రావాల్సిందే, శిబిరంలో ఆమె కష్టం ఆమె పడింది. ఆ న్యాయమే ప్రతీకకూ వర్తించాలి.

మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా ఈ విషయం ఆలోచించాలి. 14 వికెట్లు తీసిన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణికి రెండున్నర కోట్లు, కడపలో ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించడం మాకు గర్వకారణం. ఆమె దానికి పూర్తిగా అర్హురాలు. ఫైనల్ ఓడి ఉంటే అవే 14 వికెట్లకు ఎంత ఇచ్చేవాళ్లం? ఈ ప్రశ్న అడగక తప్పదు, ఎందుకంటే నాయుడుపేటలాంటి ఊళ్లలో ఇది రోజూ ఎదురయ్యేదే. ఏ బడి మైదానానికైనా సాయంత్రం వెళ్లి చూడండి. కబడ్డీ కూతకు వెళ్లి ముగ్గుర్ని ఒక్క చుట్టులో అవుట్ చేసి, మోకాళ్లు దోక్కుపోయి మన్ను అంటుకున్న కాళ్లతో గీత దాటొచ్చే పిల్ల కనిపిస్తుంది. ఆమె జట్టు జిల్లా స్థాయిలో క్వార్టర్స్‌లోనే ఓడిపోతే చేతికొచ్చే ధ్రువపత్రంలో 'పాల్గొన్నది' అని మాత్రం ఉంటుంది. ఆ రోజు జట్టు పాయింట్లలో సగం ఆమె తెచ్చినవే అయినా ఆ కాగితం చెప్పదు. రేపు క్రీడా కోటా దరఖాస్తుకు జత చేయడానికి ఆమె దగ్గరుండేది ఆ కాగితమే.

స్కోరు షీటు ప్రతి మ్యాచ్‌లోనూ రాస్తూనే ఉన్నారు. ఎవరు ఎన్ని పాయింట్లు తెచ్చారో అందులో ఉంది. ధ్రువపత్రంలో జట్టు స్థానం పక్కన ఇంకో గడి గీసి, ఆ అంకె ఎక్కించి, కోచ్ చేత సంతకం పెట్టించాలి. వచ్చే ఏడాది పాఠశాల పోటీలు మొదలయ్యేలోపు క్రీడా శాఖ ఈ పని చేయాలి.