మొలలేనని ఊరకుండరాదు

ఈ వారము మేము వ్రాయబూనిన విషయము ఇంటిల్లిపాదియు చదువు పత్రికలో ఉండదగినది కాదని ఇద్దరు ముగ్గురు మిత్రులు మమ్ము వారించిరి. వారి మాట మన్నింపజాలకపోతిమి. మన పాతపాళ్యములోను, బాగేపల్లి సీమలోని తక్కిన పల్లెలలోను ఫ్లోరైడు నీటిని గూర్చియు, ఎండిన చెరువులను గూర్చియు ఎన్ని సభలైనను జరుపుకొందుము. మలములో నెత్తురు పడిన సంగతి మాత్రము కట్టుకొన్న ఇల్లాలికైనను చెప్పము.

మా అంగడివీధిలోని పెద్దాయన ఒకరు ఇట్లే ఏడాదికి పైగా దాచుకొనిరి. మొలల వైద్యమని పలక వ్రేలాడదీసిన ఒకచోట లేపనములు, పొడులు కొని వాడిరి. అక్కడ ఆయనను పడుకొనబెట్టి పరీక్షించినవారు లేరు. డాక్టరు చేతితొడుగు వేసికొని ఆసనములో వ్రేలుంచి చూచుట నిమిషము పని. ఆ నిమిషము ఎవరును వెచ్చింపలేదు. తుదకు నెత్తురు క్షీణించి, అంగడిలోనే కళ్లు తిరిగి పడగా బెంగళూరు తీసికొనిపోతిమి. పెద్దప్రేగులోని క్యాన్సరు అప్పటికే కాలేయమునకు ప్రాకియుండెను. ఆయన ఇప్పుడు లేరు. దినసరి లెక్కలో అర్ధరూపాయి తేడా వచ్చినను దీపమార్పక వెదకిన మనిషి ఆయన.

నెత్తురు కనబడిన ప్రతివారికిని క్యాన్సరే అని మేము భయపెట్టుట లేదు. ఎక్కువమందికి అవి మొలలే కావచ్చును. అయితే మొలలున్నవారికి క్యాన్సరు రాదను నియమము ఎక్కడను లేదు. కొన్ని వారములుగా విరేచనపు తీరు మారుట, పోయివచ్చినను ఇంకను మిగిలినట్లు తోచుట, కారణము లేకయే బరువు తగ్గుట, మగవారిలో హేతువు తెలియని రక్తహీనత, ఇవియు డాక్టరుకు చెప్పవలసిన సంగతులే. తొలిదశలో ఇవి ఏవియు ఉండకపోవుటయు కలదు.

ఈ వ్యాధి ఒక్కనాటిలో పుట్టునది కాదు. ప్రేగు లోపలి పొరమీద చిన్న కండపులిపిరివంటిది మొలచును. దానిని పాలిప్ అందురు. అట్టివానిలో కొన్ని మాత్రమే క్యాన్సరుగా మారును. మారుటకును తరచు పదేండ్లు పట్టును. ఆలోపల త్రుంచి తీసివేసినచో క్యాన్సరే రాకపోవును. 1969లో న్యూయార్కులో విలియం వుల్ఫ్, హిరోమి షిన్యా అను డాక్టర్లు కొలొనోస్కోపు అను సన్నని గొట్టమును లోనికి పంపి, తీగ ఉచ్చుతో పాలిప్‌ను తీసిరి. అంతకుముందు పైభాగపు ప్రేగులోని దానికి కడుపు కోయవలసి వచ్చెడిది.

ఈ పరీక్ష యనగానే మనవారు గడగడలాడుదురు. అమెరికాలో 2021లో నిపుణుల సంఘమొకటి ఈ పరీక్షల ప్రారంభ వయస్సును 50 నుండి 45కు తగ్గించినది. మాకును 45 నిండినవి గనుక మేమును చేయించుకొంటిమి. నిజము చెప్పవలెనన్న, పరీక్షకంటె ముందునాటి విరేచనపు మందే కష్టము. ఆ రాత్రి నిద్ర లేదు. మరునాడు మగత కలుగుటకు సూదిమందు ఇచ్చిరి. మెలకువ వచ్చునప్పటికి పని ముగిసి, మా పరిచారకుడు కాఫీ కొరకు పోయియుండెను. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి వచ్చినవారు 40వ ఏటనే, లేదా ఆ బంధువునకు వచ్చిన వయస్సునకు పదేండ్ల ముందుగానే, ఏది ముందైన అప్పుడే చేయించుకొనవలెను. అంత దూరము పోలేనివారికి మలములో కంటికి కనబడని నెత్తురును పట్టు పరీక్ష కలదు. అందు దోషము తేలినచో కొలొనోస్కోపు తప్పదు.

గడ్డ కనబడినచో ముక్క తీసి పరీక్షకు పంపుదురు. ఎంతవరకు ప్రాకినదో సి.టి. స్కాను వలనను, పురీషనాళమైనచో ఎం.ఆర్.ఐ. వలనను చూతురు. ప్రేగు గోడ దాటక, చుట్టునున్న గ్రంథులకు పోకయున్నచో అది మొదటి దశ. దానికి సాధారణముగా శస్త్రచికిత్స ఒక్కటియే చాలును: ఆ భాగమును గ్రంథులతో కూడ తీసి, రెండు కొసలను కలిపి కుట్టుదురు. కీమోథెరపీ అక్కరలేదు. ఇట్టివారిలో పదింట తొమ్మండుగురు అయిదేండ్ల తరువాతను జీవించియుందురు. దూరపు అవయవములకు ప్రాకినవారిలో ఆ లెక్క పదింట ఒకరిద్దరు. కడుపుమీద సంచి కట్టుదురను భయముతో వెనుదీయువారు కలరు. ఆ అవసరము ముఖ్యముగా క్రిందిభాగపు గడ్డలకే. అందును పెక్కు తాత్కాలికములే.

గ్రంథులకు ప్రాకిన దశలో ఇచ్చు మందులలో ఫోలినిక్ ఆమ్లము ఒకటి. అది ఫోలిక్ ఆమ్లమునుండి వచ్చినది. 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మన పిల్లలకు ఈ సంగతి ఎవరు చెప్పుదురు?

నోటిని, రొమ్మును, గర్భాశయ ముఖద్వారమును పరీక్షించు ప్రభుత్వ కార్యక్రమము కలదు. ప్రేగు అందులో లేదు. కాబట్టి ఎవరును మన గడపకు వచ్చి అడుగరు. మనమే పోయి అడుగవలెను. 1973లో నెలకొన్న కిద్వాయి ఆసుపత్రి బెంగళూరులోనే ఉన్నది. బాగేపల్లినుండి సుమారు 100 కిలోమీటర్లు. బి.పి.ఎల్. కార్డున్న కుటుంబమునకు ఆయుష్మాన్ పథకము క్రింద ఏడాదికి 5 లక్షల వరకు చికిత్స కలదు. కావున తాలూకా ఆసుపత్రినుండి చీటీ తీసికొని, రేషను కార్డుతో పోవలెను. చుట్టములున్నారని సరిహద్దు దాటి ఆంధ్రకు పరుగెత్తువారు అక్కడి రాష్ట్రపథకము కర్ణాటకవాసులకు వర్తింపదని ముందే తెలిసికొనుట మేలు.

ఇక భాష సంగతి. మనలో మగవారికి సంతలలోను కచేరీలలోను కన్నడము అలవడినది. ఇంటనే యుండు పెద్ద ఆడవారికి సిగ్గు ఒకటి, భాష ఒకటి. కన్నడములో అడిగిన డాక్టరుకు "కడుపు బాగులేదు" అనిమాత్రము చెప్పి, మాత్రలతో తిరిగివచ్చుచున్నారు. నెత్తురు ఎర్రగా పడినదా, నల్లగా పడినదా, ఎన్నాళ్లనుండి అన్న ప్రశ్నకు కొడుకు ఎదుట ఏ తల్లి బదులు చెప్పును? మన సంఘము ఉగాది ఉత్సవమునకు చందాలు పోగుచేయుచున్నది. అందులో కొంత తీసి, రెండు భాషలును తెలిసిన ఇద్దరు స్త్రీలకు బస్సు ఖర్చులిచ్చి, ఇట్టివారికి తోడుగా ఆసుపత్రికి పంపవలెనని వచ్చు సమావేశములో మేము ప్రతిపాదించుచున్నాము. మొదటి నెల ఖర్చు మా అంగడి భరించును.