నక్షత్రాలు చూసి మోతాదా?

మొన్న ఓ.పి.లో ఒక తల్లి అడిగింది: "సిస్టరమ్మా, అమెరికాలో మా అబ్బాయి నిద్ర పట్టక గంజాయి జెల్లీ తింటున్నాడట. అక్కడ తప్పు లేదట గదా?"

అక్కడ లీఫ్లీ అనే సంస్థ 2010 నుండి గంజాయి రకాలను వివరిస్తూ, వాడినవారి అభిప్రాయాలు, నక్షత్రాలు చూపి, దగ్గరి దుకాణానికి ఆర్డరు పంపిస్తుంది. చీర కొన్నంత సులువు. కాని మేము మందు ఇచ్చేముందు రోగి, మందు, మోతాదు, మార్గం, సమయం అనే ఐదూ సరిచూస్తాము. ఎవరో వేసిన నక్షత్రాలలో ఈ రోగి ఎక్కడున్నాడు? తినే గంజాయి పనిచేయడానికి అరగంట నుండి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదే అని రెండోది కూడా తిని ఎమర్జెన్సీకి చేరేవారున్నారు.

గంజాయి మొక్కలో మందే లేదని నేననను. దాని నుండి తీసిన ఎపిడియోలెక్స్‌ను 2018లో అమెరికా అరుదైన మూర్ఛ వ్యాధులకు అనుమతించింది. అయితే పరీక్షలన్నీ అయ్యాక, డాక్టరు చీటీ మీద.

కాలిఫోర్నియా ఒప్పుకున్నా అక్కడి కేంద్ర చట్టం ఒప్పుకోదనీ, వాడానని చెప్పిన విదేశీయుడికి వీసా చిక్కులు రావచ్చనీ ఆమెకు చెప్పాను. ఫోనులో తిట్టకుండా, నిద్ర ఎందుకు పట్టడం లేదో ముందు అడగమన్నాను.