చలికాలపు ఉదయం: బస్సా, సొంత కారా?

కోస్తా జిల్లాల నుండి ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరే తెలుగువారికి బంధుమిత్రులు మొదట చేసే హితబోధ ఉన్ని దుస్తుల గురించి. ఒక శీతకాలం అక్కడ గడిపినవారికి గాని అసలు చిక్కు తెలియదు. చలిని స్వెటరుతో, మఫ్లరుతో ఎదుర్కొనవచ్చు. పొగమంచులో ఇరవై కిలోమీటర్లు దాటి తొమ్మిది గంటలకు కార్యాలయంలో హాజరు వేయించుకోవడమే కష్టం. ఆలస్యమైతే అరపూట సెలవు కోతపడే కార్యాలయాలలో పనిచేసేవారికి ఇది కాలక్షేపపు చర్చ కాదు.

మెట్రో స్టేషను నడకదూరంలో ఉన్నవారికి ఈ బాధ చాలావరకు తీరింది. 2002 డిసెంబరులో షాహ్‌దరా, తీస్ హజారీల మధ్య తొలి రైలు నడిచినది మొదలు ఆ సదుపాయం విస్తరిస్తూనే ఉన్నది. ఇంటి నుండి స్టేషనుకు, స్టేషను నుండి కార్యాలయానికి మరో వాహనం వెతుక్కోవలసినవారు మాత్రం బస్సునో, సొంత వాహనాన్నో ఆశ్రయించక తప్పదు. ఈ వ్యాసం వారిని ఉద్దేశించినది.

ముందు డబ్బు లెక్క ముగించుకుందాం. ఇందులో వాదానికి తావు తక్కువ. పోనూ రానూ నలభై కిలోమీటర్లు, రద్దీలో లీటరుకు పన్నెండు కిలోమీటర్లు నడిచే కారు, నెలకు ఇరవై రెండు పనిదినాలు అనుకుందాం. 2024 మార్చి నాటి ఢిల్లీ ధర ప్రకారం లీటరు పెట్రోలు 94 రూపాయల 72 పైసలు. నెలకు దాదాపు 6,950 రూపాయలు పెట్రోలుకే ఖర్చు. టైర్లు, మరమ్మతు, బీమా, కారు నిలుపుకొనే రుసుము వేరు. అదే ఏడాది ఢిల్లీ రవాణా సంస్థ ఎయిర్ కండిషన్డ్ బస్సులో గరిష్ఠ చార్జీ 25 రూపాయలు కనుక, ఒకే బస్సులో వెళ్ళివచ్చేవారికి నెలకు 1,100 రూపాయలు. మహిళలకు అక్కడ 2019 అక్టోబరు 29న ఉచిత ప్రయాణం ప్రారంభమైంది. (తెలంగాణలో 2023 డిసెంబరులోను, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టులోను ఇటువంటి పథకమే మొదలైంది.) అయినా చేతిలో కారు తాళం ఉన్నవాడు ఉదయం ఏడున్నరకు ఈ లెక్కలు వేసుకోడు. అతని మనస్సులో ఉండేది ఒకటే ప్రశ్న: ఏది నమ్మదగినది?

కారు నమ్మదగినదని మనం సాధారణంగా భావిస్తాము. అది మన వాకిట్లోనే ఉంటుంది కనుక. కాని చలికాలం ఈ నమ్మకాన్ని రెండు విధాల దెబ్బ తీస్తుంది. మొదటిది పొగమంచు. ఆకాశం నిర్మలంగా, గాలి స్తబ్ధంగా ఉన్న రాత్రి నేల తన వేడిని కోల్పోతుంది. దానిని అంటిపెట్టుకొన్న తేమగాలి చల్లబడి సన్నని నీటి బిందువులుగా మారుతుంది. గాలిలోని పొగ, ధూళి కణాలు ఆ బిందువులు ఏర్పడేందుకు మరింత ఆసరా ఇస్తాయి. చూపు రెండు వందల మీటర్లకు లోబడితే వాతావరణ శాఖ దానిని దట్టమైన పొగమంచు అంటుంది. యాభై మీటర్లకు లోబడితే అతి దట్టమైనది.

ఈ యాభై మీటర్ల అర్థమేమిటో చూడండి. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు సెకనుకు సుమారు పదిహేడు మీటర్లు సాగుతుంది. ఎదుట ఆగి ఉన్న లారీని గుర్తించి బ్రేకు మీద కాలు మోపేందుకు సెకనున్నర పట్టిందనుకుంటే, ఆ లోపలే ఇరవై అయిదు మీటర్లు గడచిపోతాయి. తడి రోడ్డుమీద బండి పూర్తిగా ఆగేందుకు మరో ఇరవై ఎనిమిది మీటర్లు కావాలి. మొత్తం యాభై మూడు. లారీ యాభై మీటర్ల దూరాన ఉన్నది! ముప్ఫై కిలోమీటర్ల వేగంతో అయితే ఇరవై మీటర్లలో ఆగవచ్చు. కాని అంత నెమ్మదిగా పోయే కారు బస్సుకన్నా ముందు చేరేదేమీ లేదు. పైపెచ్చు, ముందులైట్లను పూర్తి కాంతితో వేస్తే బాగా కనబడుతుందనే భ్రమ చాలామందికి ఉన్నది. ఆ కాంతి మంచు బిందువులపై చెదరి తిరిగి మన కళ్ళలోనే పడుతుంది. కాంతిని కిందికి దించి నడపడమే సరైన పద్ధతి. ద్విచక్ర వాహనం మీద వెళ్ళేవారికి ఇవన్నీ ఉండగా, వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు సరిగా పట్టుకోలేని దుస్థితి అదనం.

రెండవ దెబ్బ ప్రభుత్వపుటుత్తర్వు. కాలుష్యం విషమించిన కొద్దీ దశలవారీ ఆంక్షలు విధించే ప్రణాళిక ఢిల్లీలో 2017 నుండి ఉన్నది. 2024–25 శీతకాలంలో మూడవ దశ విధించిన రోజులలో బి.ఎస్.3 పెట్రోలు కార్లను, బి.ఎస్.4 డీజిలు కార్లను నగరంలో నడపరాదన్నారు. అంతకుముందు 2016 లోను, 2019 లోను సరి, బేసి నంబర్ల పద్ధతి అమలయింది. ఎవరి వాకిట్లో ఉన్నా, కదలడానికి అనుమతి లేని కారు ఆ పూట కేవలం అలంకారమే.

బస్సు పక్షాన ఇన్ని మాటలు చెప్పినా, దాని లోపాన్ని దాచడం న్యాయం కాదు. ఆ లోపం ప్రయాణంలో లేదు, ఎదురుచూడడంలో ఉన్నది. గంటకు మూడు బస్సులు సమానమైన వ్యవధిలో వస్తే సగటున పది నిమిషాలు నిలబడితే చాలు. అవే బస్సులు రద్దీలో చిక్కి జంటలుగా నలభై నిమిషాలకొకసారి వస్తే, గంటకు బస్సుల సంఖ్య తగ్గకపోయినా, ఎదురుచూపు ఇరవై నిమిషాలవుతుంది. ఏప్రిల్ నెలలో ఇది విసుగు పుట్టిస్తుంది. గాలి నాణ్యతా సూచిక నాలుగు వందలు దాటిన నవంబరు ఉదయాన ఇది ఊపిరితిత్తుల మీద పడే భారం. అద్దాలు మూసి, లోపలి గాలినే తిప్పుకొంటూ కారులో పోయేవాడు సన్నని ధూళిని కొంత తప్పించుకోగలడు. అతని కారు విడిచిన పొగను పీల్చేవాడు స్టాపులో నిలుచున్నవాడే. పైగా చల్లబడి ఉన్న ఇంజను మొదటి కొన్ని నిమిషాలలోనే ఎక్కువ కలుషిత వాయువులు వదులుతుంది, పొగను శుద్ధిచేసే పరికరం వేడెక్కే వరకు పనిచేయదు కనుక.

ఈ ఎదురుచూపునకు ప్రయాణికుడు బాధ్యుడు కాడు. ఢిల్లీకి 2001 ఏప్రిల్ నాటికి పదివేల బస్సులు ఉండాలని 1998 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఉన్న బస్సులు సి.ఎన్.జి.కి మారాయి, 2022 నుండి విద్యుత్ బస్సులు కూడా వచ్చాయి. పదివేల సంఖ్య మాత్రం 2025లో సైతం నెరవేరలేదు. బస్సు సకాలంలో రాని కారణంగా కారు కొన్నవాని కారు, మరునాడు రాబోయే బస్సును ఇంకా ఆలస్యం చేస్తుంది.

నా అభిప్రాయం ఇది. బస్సు బయలుదేరే డిపో సమీపంలో ఉన్నవారు, లేక తరచుగా బస్సులు తిరిగే ప్రధాన మార్గం పక్కన ఉన్నవారు డిసెంబరు మధ్య నుండి జనవరి చివరి దాకా కారును ఇంటివద్ద ఉంచడమే మేలు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్నవారికి, వృద్ధులకు ఈ సలహా వర్తించదు. పొగలో ఇరవై నిమిషాలు నిలబడే సాహసం వారు చేయరాదు. వారు కారులో వెళ్ళడం విలాసమని ఎవరూ అనుకోనక్కరలేదు. అదే కారులో ఇరుగుపొరుగు ఉద్యోగులు ముగ్గురు కూర్చుంటే, నెల ఖర్చు తలా 1,740 రూపాయలకు దిగుతుంది, రోడ్డుమీద మూడు కార్లు తగ్గుతాయి. రాత్రి ఏడు దాటి తిరిగివచ్చే స్త్రీల విషయంలో, స్టాపులో దీపం వెలుగుతున్నదా లేదా అన్నది చార్జీ కన్నా ముఖ్యం.

కార్యాలయాలు చేయగల సాయం కూడా ఒకటి ఉన్నది. 2024 నవంబరులో ఢిల్లీలోని కేంద్ర, రాష్ట్ర, నగరపాలక కార్యాలయాల పనివేళలను వేర్వేరుగా మార్చారు. అది రోడ్లపై రద్దీ తగ్గించేందుకు చేసిన ఏర్పాటు. పొగమంచు సాధారణంగా సూర్యుడు పైకి వచ్చినకొద్దీ పలచబడుతుంది. జనవరి నెలలో ఉద్యోగుల రాకకు ఒక గంట వెసులుబాటు ఇచ్చి, సాయంకాలం ఆ గంట పనిచేయించుకొంటే, ఎదుట యాభై మీటర్లు కూడా కనబడని వేళ స్టీరింగు పట్టవలసినవారి సంఖ్య తగ్గుతుంది. బస్సు నడిపే డ్రైవరుకు మాత్రం ఆ గంట దొరకదు. తొలి బస్సు మంచులోనే బయలుదేరవలసి ఉంటుంది.