200 గ్రాముల బియ్యానికి ఎవరూ బిడ్డను కనరు

‘ట్యాక్స్ కట్టేది మేము, పిల్లల్ని కనేది వాళ్లు.’ గచ్చిబౌలి ఐటీ కారిడార్‌లో బాగా చదువుకున్నవాళ్ల నోటనే ఈ మాట వినిపిస్తోంది. ఇది అబద్ధం. పేదతల్లుల మీద వేస్తున్న నింద.

బియ్యం కోసమే కంటున్నారంటే, రేషన్ లెక్కే చూద్దాం. 2025 ఉగాది నుంచి తెలంగాణలో కార్డులో పేరున్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అంటే తలకు రోజుకు 200 గ్రాములు. ఇందుకోసం ఏ తల్లి నవమాసాలు మోస్తుంది? పాలు, మందులు, ఇంటి కిరాయి ఆ బియ్యంలోంచి రావు. కేంద్రం ఇచ్చే మాతృవందన సాయం తొలి కాన్పుకు రూ.5,000, రెండో కాన్పులో ఆడపిల్ల పుడితేనే రూ.6,000. మూడో బిడ్డకు ఆ పథకంలో పైసా లేదు.

పేదలు ఎడాపెడా కంటున్నారన్నదీ నిజం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో సంతాన సగటు 1.8. జనాభా తరగకుండా ఉండాలంటే 2.1 కావాలి. రాష్ట్రంలో ఎక్కువమంది కార్డుదారులే గనుక ఈ సగటులో ప్రధాన భాగం వాళ్లదే. అదే సర్వేలో, 15-49 ఏళ్ల వివాహితల్లో నూటికి 60 మందికి పైగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకున్నారు. మగవాళ్లు నామమాత్రం. ప్రభుత్వం అడిగిన కుటుంబ నియంత్రణ ఆడవాళ్ల ఒంటి మీద అమలైంది.

ఇప్పుడు పాలకుల మాట మారింది. ఎక్కువమందిని కనమని పొరుగున ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు 2024లో పిలుపునిచ్చారు. మూడో బిడ్డ ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను ఆ రాష్ట్రం అదే ఏడాది ఎత్తేసింది. జనాభా తగ్గితే లోక్‌సభ సీట్లు తగ్గుతాయన్న భయంతో పిల్లలు కావాలంటున్న సమాజం, వాళ్లు బస్తీలో పుడితే భారమంటోంది. ఇది సిగ్గుచేటు.

పన్ను మేమే కడుతున్నామన్న గర్వానికీ ఆధారం లేదు. కూలివాడు కొనే సబ్బు మీదా జీఎస్టీ ఉంది. ఐటీ సెజ్‌లలోని సంస్థలకు మొదటి 5 ఏళ్లు ఎగుమతి లాభాలపై ఆదాయపన్ను పూర్తిగా, తర్వాతి 5 ఏళ్లు సగం మినహాయించారు. దాన్ని ఎవరూ సోమరితనం కింద జమకట్టలేదు. ఉద్యోగాలొస్తాయని ప్రజలు ఒప్పుకున్నారు. ఆ ఓర్పులో కొంతైనా ఆకలిగొన్న ఇంటికి దక్కాలి.

నలుగురైదుగురు పిల్లలున్న ఇళ్లు ఉన్నాయి, కాదనం. మగబిడ్డ కోసం ఎదురుచూపు, ముసలితనంలో దిక్కు లేదన్న బెంగ, చిన్నవయసు పెళ్లి వాటికి కారణాలు. వాటిని సరిదిద్దేది ఆడపిల్ల చదువు, వృద్ధాప్యానికి భరోసా. అన్నం తగ్గిస్తే సంతానం తగ్గదు, పుట్టినవాళ్లు చిక్కిపోతారు. నానక్‌రామ్‌గూడ, కోకాపేట టవర్ల దగ్గర పాలమూరు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన తల్లులు కంకర మోస్తుంటే, పసివాళ్లను కనిపెట్టుకుని ఉండేందుకు పెద్దపిల్ల బడి మానేస్తోంది. ఆ పిల్ల చదువు ఆగితే రేపు ఆమె పెళ్లీ తొందరగానే అవుతుంది.

50 మందికి మించి మహిళలు పనిచేసే నిర్మాణ స్థలంలో ఆరేళ్లలోపు పిల్లలకు శిశు సంరక్షణ గదులు ఉండాలని 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం చెప్పింది. ఈ కారిడార్‌లోని ప్రతి టవర్ దగ్గరా కార్మిక శాఖ ఆ గదులను తనిఖీ చేయాలి. అవి లేని బిల్డర్‌కు నివాసయోగ్యతా పత్రం ఇవ్వకూడదు. ఆ టవర్లలో ఫ్లాట్లు బుక్ చేసుకున్నవాళ్లు కూడా, ఈత కొలను గురించి అడిగేటప్పుడే, ఈ గది ఎక్కడుందో చూపించమని అడగాలి.