228 కోట్లు ఎటు వెళ్తాయి?

బాపట్లకు చెందిన డాక్టర్ కృష్ణా చివుకుల 1970లో మద్రాసు ఐఐటీలో ఎం.టెక్. పూర్తి చేశారు. 2024 ఆగస్టులో ఆయన అదే సంస్థకు 228 కోట్ల రూపాయలు ఇచ్చారు. ఒక్క వ్యక్తి నుంచి ఆ సంస్థకు అప్పటివరకు అంత విరాళం రాలేదు. ఒక భవనానికి ఆయన పేరు పెట్టారు. మన పత్రికలు ‘తెలుగువాడి ఔదార్యం’ అని రాశాయి, అది నిజమే. అయితే అంకె చూసి ఆగిపోకుండా, ఆ డబ్బు దేనికని చూస్తే సంగతి ఇంకా ఆసక్తిగా ఉంటుంది.

మొదటి సంవత్సరం విద్యార్థులకు ఫెలోషిప్‌లు, క్రీడల్లో రాణించేవారికి స్కాలర్‌షిప్‌లు, విదేశీ విద్యార్థులకు ఫీజు సాయం, పరిశోధనకు నిధులు, ఒక సైన్సు పత్రిక. వాటితోపాటు ఆ భవనం నిర్వహణ ఖర్చు కూడా. ఈ చివరిది నాకు బాగా నచ్చింది. కట్టడానికి దాతలు దొరుకుతారు; పదేళ్ల తర్వాత కారే పైకప్పుకు దొరకరు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల మొదలుకొని దాతల కానుకలతో లేచిన బడులు, ఆసుపత్రులు మన సంఘాలకు కొత్త కాదు గనుక ఈ మాట మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ ఐఐటీ పుట్టుకే ఒక సాయం. 1959లో పశ్చిమ జర్మనీ సహకారంతో అది మొదలైంది. ప్రయోగశాలల పరికరాలు, ఆచార్యులు అక్కడినుంచి వచ్చారు. ఇప్పుడు పూర్వ విద్యార్థులు, కంపెనీలు కలిసి 2023-24 ఒక్క సంవత్సరంలోనే 513 కోట్లు ఇచ్చారు. అంతకు ముందటి ఏడాది 218 కోట్లు.

ఫలితాలు కళ్ల ముందే ఉన్నాయి. కేంద్రం ఇచ్చే ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకుల్లో ఇంజనీరింగ్ విభాగంలో 2016 నుంచి మొదటి స్థానం దానిదే. అక్కడ పెరిగిన అగ్నికుల్ సంస్థ 2024 మే 30న మన శ్రీహరికోట నుంచి, త్రీడీ ప్రింటింగ్‌తో ఒకే ముక్కగా చేసిన ఇంజనుతో, రాకెట్ ఎగరేసింది. ర్యాంకులకన్నా, రాకెట్టుకన్నా నన్ను నిలబెట్టింది మరొకటి. నడవలేనివారు ఎవరి సాయమూ లేకుండా తమంతట తామే లేచి నిలబడగలిగే ‘అరైజ్’ చక్రాల కుర్చీని 2019లో అక్కడి పునరావాస పరికరాల కేంద్రం తెచ్చింది. రోజంతా కూర్చునే ఉండటం వల్ల పుండ్లు పడి బాధపడేవారికి లేచి నిలబడటం ఒక వైద్యం. దాని తయారీ వెనుక వెల్‌కమ్ ట్రస్టు నిధులున్నాయి. అలాంటి కుర్చీ కొనేవారిలో డబ్బున్నవారు తక్కువ. మార్కెట్టు తనంతట తాను దీన్ని తయారు చేసి ఉండేది కాదు.

ఇంతవరకు సంతోషమే. అయితే మన సంఘాల్లో ఇంజనీరింగ్ చదివే పిల్లల్లో ఎంతమంది ఐఐటీలో ఉన్నారు? ఎక్కువమంది విశ్వవిద్యాలయ కళాశాలల్లోనో, వాటి అనుబంధ కళాశాలల్లోనో ఉన్నారు. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదువుతున్నవారు, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఎప్పుడొస్తుందా అని చూసేవారు. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల 1929 నాటిది. కాకినాడ కళాశాల 1946లో విశాఖలో మొదలైంది. అడోబీ అధిపతిగా పేరు తెచ్చుకున్న శంతను నారాయణ్ ఉస్మానియాలో చదివారు. జీఎంఆర్ గ్రూపు స్థాపకులు గ్రంధి మల్లికార్జునరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో. ఈ కళాశాలల పూర్వ విద్యార్థులు అమెరికాలో వేలమంది ఉన్నారు. అయినా బోధన పోస్టులు ఏళ్లుగా ఖాళీగా ఉంటున్నాయి.

తప్పంతా పూర్వ విద్యార్థులదని నేననను. మద్రాసులో దాతలను కలిసి, లెక్క చెప్పి, ఆ డబ్బుతో జరిగిన పనిని చూపించడానికి ప్రత్యేక యంత్రాంగం ఉంది. డబ్బు ఎక్కడికి పోయిందో తెలియని చోట రెండోసారి ఎవరూ ఇవ్వరు. అలాగని విరాళాలొస్తున్నాయి కదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడం కూడా కుదరదు: అధ్యాపకుల జీతం ఏ దాతా జీవితాంతం ఇవ్వడు. దాత చేయగలిగింది వేరే ఉంది. హాస్టల్ మెస్ బిల్లు కట్టలేక మొదటి సెమిస్టర్‌లోనే ఇంటిదారి పట్టే విద్యార్థికి కావలసింది కోట్లు కాదు, కొన్ని వేలు. వాటిని ఏ కళాశాలలో, ఎవరి చేతికి ఇవ్వాలో, రసీదు ఎవరిస్తారో చెప్పే ఒక బల్ల, ఒక మనిషి ప్రతి విశ్వవిద్యాలయ కళాశాలలోనూ ఉన్నారా అని ఆ కళాశాలల్లో చదివి స్థిరపడినవారు ఈ సెలవుల్లో ఊరికి వచ్చినప్పుడు వెళ్లి అడగాలి.